అభ్రకం రేకు



బందరు కాలువ గట్టు మీది మన మందిరంలో ఆంప్లిఫయరు కంపెనీది కాదు. మన యవ్వనస్థుడొకడు విజయవాడలో సామాను కొని సొంతంగా కట్టాడు. క్రిస్మస్‌కు సౌండు ఇంకా పెంచమని అడిగింది సంఘ పెద్దలమైన మేమే.

అందులోవి 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు. పైకి కనిపించే లోహపు కప్పే దాని కలెక్టరు, కరెంటు అక్కడే ఉంటుంది. అందుకే దానికీ హీట్‌సింకుకూ మధ్య పలుచని అభ్రకం రేకు వేస్తారు. గూడూరు గనులకు పేరు తెచ్చిన అభ్రకమే. వేడిని పోనిస్తుంది, కరెంటును ఆపుతుంది. తొందరలో విప్పి బిగిస్తుంటే ఆ రేకు చిట్లింది. అతడు గమనించలేదు. స్విచ్ వేయగానే పొగ! ట్రాన్స్‌ఫార్మరు కూడా మాడింది.

అందరం అతణ్ణే తిట్టాం. రెండు ఆదివారాలుగా అతడు రావడం లేదు.

అయితే మాటిమాటికీ ఫ్యూజు పోతోందని దాని చోట రాగి తీగ చుట్టమన్నది ఎవరు? మేమే. ఫ్యూజు ఉంటే అదొక్కటే పోయేది. హెచ్చరించేదాన్ని తీసేసి, కాలాక ఒకణ్ణి నిందించడం న్యాయం కాదు. మనస్సాక్షి విషయంలోనూ మనం చేసేది ఇదే కదా?

ఇకమీదట ఏ మార్పు చేసినా ముందు మల్టీమీటరుతో చూద్దాం, మొదటిసారి సిరీస్ బల్బు పెట్టే కరెంటిద్దాం. షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, సామాను బతుకుతుంది. హోరేబులో ఏలీయాతో దేవుడు మాట్లాడింది మెల్లని స్వరంతోనే. సౌండు తగ్గినా నష్టం లేదు.

ఈ వారం మేమే అతడి ఇంటికి వెళ్లి క్షమాపణ అడుగుతాం. మీరూ ప్రేమతో పలకరించండి. ఆమేన్.