ప్లస్ గుర్తు తప్పు కాదు, మీ ఫారమే తప్పు

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చివరిదాకా చదవండి. సీఎస్ఈ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం తప్పక చదవాలి.

మొన్న సామర్లకోట స్టేషన్ దగ్గర నెట్ సెంటర్లో మా చిన్నాన్న పిల్లలిద్దరికీ ఒక ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టించాను. అడ్డతీగల అవతల నుంచి బస్సులు మారి వచ్చారు పాపం. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, ఒకటే జీమెయిల్. అన్నది ఎక్కింది. చెల్లిది కొడితే "ఈ మెయిల్ ఇప్పటికే వాడారు" అంది. జీమెయిల్లో పేరు చివర ప్లస్ గుర్తు పెట్టి ఇంకో ముక్క రాసినా మెయిల్ అదే ఇన్‌బాక్సుకి వస్తుంది కదా, అలా కొట్టాను. "ఇన్‌వ్యాలిడ్ ఈమెయిల్" అని ఎర్రగా వచ్చింది.

నెట్ సెంటర్ ఆయన "నా మెయిల్ పెట్టేద్దాం లెండి, అందరికీ అదే పెడతన్నా" అన్నారు. ఆయన మంచోరే. కానీ ఆలోచించండి. మన పిల్ల హాల్ టికెట్, పాస్‌వర్డ్ మార్చే లింకు, "ఫలానా సర్టిఫికెట్ మళ్లీ పంపండి" అనే కబురు, అన్నీ వెళ్లేది ఆయన ఇన్‌బాక్సుకే. రేపు ఆయన షాపు మూసేస్తే ఎవర్ని అడగాలి? గడువు దాటిపోయాక "మెయిల్ పంపాం, మీరే చూసుకోలేదు" అంటారు. తప్పు పిల్లదైపోతుంది.

అసలు ప్లస్ తప్పని ఎవరు చెప్పారు? ఈమెయిల్ రూపం చెప్పిన ఆర్ఎఫ్‌సి 822 వచ్చింది 1982లో. అప్పట్నించీ @ ముందు ప్లస్ రాయొచ్చు. 2012లో వచ్చిన ఆర్ఎఫ్‌సి 6531 ప్రకారం తెలుగు అక్షరాల్లో కూడా ఈమెయిల్ ఉండొచ్చు. నియమం ఒప్పుకున్నదాన్ని కాదనడానికి ఈ ఫారం ఎవరు?

ఇంకో తమాషా చెప్తాను. అదే ఫారంలో జీమెయిల్ బదులు జీమియల్ అని అక్షరాలు తారుమారు చేసి కొట్టి చూశాను. ఆకుపచ్చ టిక్కు పడింది! అంటే నిజంగా చేరే అడ్రసుని తోసేసి, చేరనిదాన్ని రానిచ్చింది. ఎందుకంటే అది చూసేది అక్షరాల వరుసనే. ఎక్కడి నుంచో కాపీ కొట్టి పెట్టిన ఒక రెజెక్స్ ముక్క అది. ఉత్తరం చేరుతుందో లేదో దానికేం తెలుసు?

చేరుతుందని తెలుసుకునే దారి ఒక్కటే. మెయిల్ పంపాలి, అందులో లింకు నొక్కించాలి. అంతకుముందు @ ఉందా, దానికి అటూ ఇటూ ఏమైనా రాశారా అని చూస్తే చాలు.

"ప్లస్ ఒప్పుకుంటే ఒకరే పది దరఖాస్తులు పెడతారండీ" అంటారు కొందరు. పెట్టేవాడు పది జీమెయిళ్లు తెరవలేడా? అవి ఊరికే వస్తాయి. ఒకే మనిషి రెండుసార్లు పెట్టాడా అనేది ఆధార్‌తోనో, కుల ధ్రువీకరణ పత్రం నంబరుతోనో చూడాలి. అవి రెండూ ఎలాగూ అడుగుతున్నారుగా! "వింత గుర్తులు వస్తే హ్యాకింగ్ అవుద్ది" అనేది ఇంకో మాట. డేటాబేస్‌కి విలువలు విడిగా పంపేలా క్వెరీ రాస్తే ఆ భయం ఉండదు. మీ కోడు బలహీనతకి మా పిల్లల అడ్రసు బలి కావాలా?

మనం అడగాల్సినవి ఇవీ: ప్లస్ ఒప్పుకోవాలి. ఒక ఇంటి మెయిల్‌తో అన్నాచెల్లెళ్లిద్దరూ పెట్టుకోనివ్వాలి. తప్పు పడితే తర్వాత మార్చుకునే వీలుండాలి. మెయిల్ లేనివాళ్లకి ఎస్సెమ్మెస్ రావాలి. ఇలా ఆగిపోయినప్పుడు స్క్రీన్‌షాట్ తీసి, తేదీ రాసి, సోమవారం గ్రీవెన్సులో కాగితం మీద ఇవ్వండి. నోటితో చెప్తే ఎవరూ వినరు.

సీఎస్ఈ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రేపు ఇలాంటి ఫారాలు రాసేది మీరే. ఆ రెజెక్స్ కాపీ కొట్టేముందు కొండ దిగొచ్చిన ఆ పిల్ల మొహం ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

మీకూ ఇలా జరిగుంటే కింద రాయండి. జై ఆదివాసీ!