కెమెరా వెట్టి ఇక చెల్లదు

వాడలో దెబ్బలు తగిలిన మర్నాడు కెమెరా వస్తుంది. కూలి పెంచమని అడిగినందుకు పనులు బంద్ చేసి పస్తులు పెట్టినప్పుడు రాదు. పట్టా కోసం తహసీల్దారు ఆఫీసు మెట్ల మీద నెలల తరబడి కూర్చున్నప్పుడు రాదు. శవం లేచినప్పుడు, గుడిసె కాలినప్పుడు, గూడెం మునిగినప్పుడు మాత్రం జీపు దిగుతుంది. "అమ్మా, కాస్త ఇటు తిరుగు, కొడుకు ఫొటో చేత్తో పట్టుకో" అంటారు. సాయంత్రానికి జీపు పోతుంది. బొమ్మ హైదరాబాదు పోతుంది, ఢిల్లీ పోతుంది, విమానమెక్కి సముద్రాలు దాటుతుంది. ఆ తల్లి మాత్రం ఆ గుడిసె ముందరే ఉంటుంది.

నేను దీన్ని వెట్టి అంటున్నాను. మాట పెద్దదయిందనుకునేవాళ్లు వెట్టి అంటే ఏమిటో మన ముసలోళ్లను అడగండి. మన తాతలు దొరకు చెప్పులు కుట్టారు, డప్పు కొట్టారు, కబుర్లు మోశారు. మన అమ్మమ్మలు వడ్లు దంచారు. పని తీసుకున్నారు, కూలి ఇయ్యలేదు, ఇష్టమా అని అడగలేదు. ఇప్పుడు మొహం తీసుకుంటున్నారు, ఏడుపు తీసుకుంటున్నారు. కూలి లేదు, అడగడం లేదు, తీసుకుపోయింది ఎక్కడ పెట్టారో చెప్పడం లేదు. మంచి దొరకు చేసినా వెట్టి వెట్టే. కెమెరా పట్టినోళ్లలో చాలామంది మంచోళ్లే, మన పక్షమే. అందుకే ఈ మాట శత్రువులకు కాదు, మిత్రులకు చెప్తున్నాను.

మా బడి పిల్లల్ని ఒక సంస్థవాళ్లు వచ్చి ఫొటోలు తీశారు. వరసగా నిలబెట్టి, చెప్పులున్న పిల్లల్ని చెప్పులు విప్పమన్నారు. మరుసటేడు ఆ బొమ్మ ఒక క్యాలెండరు మీద వచ్చింది. పిల్లల పేర్లు లేవు, ఊరి పేరు లేదు. తల్లిదండ్రులకు ఒక్క క్యాలెండరు కూడా చేరలేదు. చెప్పులు కొనడానికి ఆ తల్లి ఎన్ని రోజులు మిరపకోతకు పోయిందో ఆ ఫొటోగ్రాఫరుకు తెలుసా? బీదతనం చూపించడానికి మన కష్టార్జితాన్నే దాచేయాలా?

"మరి ఫొటోల వల్లనే గదా లోకానికి తెలిసేది, న్యాయం జరిగేది" అంటారు. మొదటి సగం నిజం. 1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. ఆ బొమ్మలు పత్రికల్లో చూసి రోడ్డెక్కిన మా తరం వాళ్లు ఎందరో ఉన్నారు. రెండో సగం మాత్రం అబద్ధం. చీరాలలో శిబిరం నడిపింది మనుషులు. చుండూరులో చచ్చిపోయినోళ్లను ఊరి నడిబొడ్డున పాతిపెట్టి, ఆ నేలకు రక్తక్షేత్రమని పేరు పెట్టింది మనుషులు. ప్రత్యేక కోర్టు చుండూరులోనే పెట్టించింది మనుషుల పోరాటం. ఆ కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఫొటోలు అప్పుడూ ఉన్నాయి గదా! బొమ్మ జాలి పుట్టిస్తుంది. సాక్షిని ఏళ్ల తరబడి నిలబెట్టేది సంఘం. జాలి రెండు రోజులకు ఆరిపోతుంది, వాయిదాలు ఇరవై ఏళ్లు సాగుతాయి.

ఇది మన దేశపు జబ్బే కాదు. 1936లో అమెరికాలో డొరోతియా లాంగ్ అనే ఫొటోగ్రాఫరు బఠాణీ చేలల్లో కూలికొచ్చిన ఒక తల్లిని, బిడ్డల్ని ఫొటో తీసింది. ప్రపంచంలో పేరుపడ్డ బొమ్మ అది. పత్రికలో చూసి సర్కారు ఆ కూలీల మకాముకు తిండిగింజలు పంపింది. అప్పటికే ఆ తల్లి కూలి వెతుక్కుంటూ వేరే చోటికి పోయింది. ఆమె పేరు ఫ్లోరెన్స్ థాంప్సన్ అని, ఆమె చెరోకీ ఆదివాసీ అని లోకానికి తెలిసింది 1978లో. నలభై ఏళ్లు ఆమె బొమ్మ ఊరేగింది. ఆమెకు దాని మీద పైసా రాలేదు.

ఇక మన గోదావరి ఒడ్డుకే వద్దాం. 1941లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు పాపికొండల్లో కొండరెడ్ల గూడేల్లో తిరిగాడు. ఇటు ఒడ్డు నిజాం రాజ్యం, అటు భద్రాచలం ఇంగ్లీషోళ్ల మద్రాసు రాజ్యం. యుద్ధకాలం గనక ఇంగ్లీషోళ్లు ఆయన్ను శత్రుదేశస్తుడని హైదరాబాదు రాజ్యం దాటనీయలేదు. ఆయన ఫొటోలు తీశాడు, పుస్తకం రాశాడు. 1945లో అది అచ్చయింది. కలప కంట్రాక్టర్లు కొండరెడ్లను అప్పుల్లో ముంచి ఎట్లా పని చేయించుకుంటున్నారో బయటపెట్టి నిజాం సర్కారుకు నివేదిక ఇచ్చాడు. ఆదిలాబాద్ మార్లవాయిలో గోండు పిల్లల చదువుకు పాటుపడ్డాడు. గోండులు ఆయన్నూ, ఆయన భార్య బెట్టీనీ ఇప్పటికీ తలుచుకుంటారు. ఈ మేలు కాదనడం కృతఘ్నత అవుతుంది.

కానీ లెక్క పూర్తిగా చూడండి. ఆయనే మళ్లీ 1970లలో తిరిగొచ్చి చూసి, 1982లో అచ్చయిన పుస్తకంలో ఆదివాసీల భూములు ఎట్లా చేజారిపోయాయో రాశాడు. మంచి మనిషి ఒకడు పైనుంచి చేసిన మేలు, ఆయన పోగానే జారిపోయింది. ఎందుకని? కలం ఆయనది, కెమెరా ఆయనది, సర్కారు దగ్గర పలుకుబడి ఆయనది. గూడెం చేతిలో ఏమీ మిగల్లేదు. ఆయన తీసిన వేల ఫొటోలు, సినిమా రీళ్లు లండన్‌లో ఒక విద్యాసంస్థ భద్రపరిచింది. అవి ఇంటర్నెట్‌లోనూ పెట్టారు, సంతోషం. మరి ఆ కొండరెడ్ల మనవలు? 2014లో వేలేరుపాడు మండలాన్ని ఆంధ్రాలో కలిపి, గోదావరి ఒడ్డు గూడేలను పోలవరం ముంపులో పెట్టారు. తాత బొమ్మ లండన్‌లో భద్రంగా ఉంది. తాత గూడెం నీళ్లపాలు!

మన అడవి అంచున ఇంకో ప్రమాదం ఉంది. పట్నంలో ఫొటో అంటే గౌరవం. చర్ల, దుమ్ముగూడెం దారిలో ఫొటో అంటే గుర్తింపు పరేడు. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు, ఎవరి ఇంట్లో ఎవరు అన్నం తిన్నారు అన్నది బొమ్మలో దొరికిపోతుంది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వా జుడుం మొదలయ్యాక వేలమంది కోయలు ప్రాణాలు పట్టుకుని మన అడవుల్లోకి వచ్చారు. సుప్రీంకోర్టు 2011 జూలైలో ఆ సల్వా జుడుం చట్టవిరుద్ధమని చెప్పింది. ఈలోపల ఆ కోయల గుడిసెలను అటవీశాఖ ఎన్నిసార్లో పీకేసింది. వాళ్ల మీద ఎందరో ఫొటోలు తీశారు, ఫిల్ములు తీశారు. నేనడిగేది ఒకటే: మొహం కనబడితే ఆ మనిషికి ఏమవుతుందో ఆలోచించి తీశారా? తీసినోడు రైలెక్కి పోతాడు. స్టేషనుకు పిలిపించేది బొమ్మలో ఉన్నోణ్ణి.

ఇంకో దుర్మార్గం చూడండి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆదివాసీలు 2005 డిసెంబరు 13కు ముందునుంచి సాగులో ఉంటే చాలు. అది వాళ్ల హక్కు, దాన్ని మనం కాపాడాలి. ఆదివాసీ భూమి మీద మనకు ఆశ లేదు, ఉండకూడదు. కానీ తరాలుగా అడవి మీదనే బతికిన మాల మాదిగలు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉన్నట్టు రుజువు చూపించాలంటుంది చట్టం. అంటే 1930 దాకా వెనక్కి పోవాలి. 1930లో మన పాకను ఎవరు ఫొటో తీశారు? మన పేరు ఏ కాగితంలో రాశారు? మన బతుకును ఎవరూ నమోదు చేయలేదు. ఇప్పుడేమో నమోదు చూపించమని సర్కారు! ఏడిస్తే తప్ప మనల్ని తీయని కెమెరా, బతుకుతున్నప్పుడు తీసి ఉంటే మనకు ఎంత పనికొచ్చేదో ఆలోచించండి.

కాబట్టి కెమెరా వద్దు అనడం తెలివితక్కువ. అది ఎవరి చేతిలో ఉంది, ఎవరి మాట వింటుంది అన్నదే ప్రశ్న. దీనికి జవాబు మన తెలంగాణలోనే దొరికింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో టీవీ కార్యక్రమాలు తీసిన పి.వి. సతీష్ ఒకరు. 2023లో చనిపోయారు. తన చేతిలో ఉన్న విద్యను ఆయన తన దగ్గరే ఉంచుకోలేదు. చదువు రాని దళిత ఆడవాళ్ల చేతికి కెమెరా ఇప్పించారు. జొన్నకోతకు పోయే చేతులు ఫిల్ములు తీశాయి. 2002లో బీటీ పత్తికి సర్కారు అనుమతి ఇచ్చాక, వరంగల్ రైతులు ఎట్లా మునిగిపోయారో చేను చేనుకూ తిరిగి తీశారు. ఆ సినిమాలు విదేశాలకూ పోయాయి.

ఆ అక్కలు కెమెరాకు ఒక పాఠం చెప్పారు. పైనుంచి కిందికి చూస్తూ తీస్తే దాన్ని పటేల్ షాట్ అన్నారు, పటేలు మనల్ని చూసే చూపు అది. కిందనుంచి పైకి చూస్తూ తీస్తే బానిస షాట్. ఎదురెదురుగా, కంటికి కన్ను సమానంగా పెట్టి తీస్తే అది సంఘం షాట్. ఫిల్ము కాలేజీల్లో ఏళ్లు చదివినోళ్లకు తట్టని మాట! మన వాడలకు వచ్చే బొమ్మల్లో ఎక్కువ భాగం పటేల్ షాట్లే. తీసినోడికి ఎంత ప్రేమ ఉన్నా, నిలబడిన చోటు అదే గదా.

అది స్వచ్ఛంద సంస్థ, మనది ఉద్యమం, దారులు వేరు. అయినా నేర్చుకోవడానికి సిగ్గేముంది? పైగా ఇప్పుడు కెమెరా లేని ఇల్లు లేదు, ప్రతి పిల్లవాడి జేబులో ఫోనుంది. మరి మన పిలగాళ్లు ఏం తీస్తున్నారు? దెబ్బలు తిన్న ఆడకూతురి వీడియో పది గ్రూపుల్లో తిప్పుతున్నారు. అత్యాచారానికి గురైన ఆడమనిషి పేరు, మొహం బయటపెట్టడం చట్టప్రకారం నేరం. పరాయోడు చేస్తే వెట్టి, మనోడు చేస్తే సేవ అవుతుందా?

అందుకని ప్రతి వాడలో, ప్రతి గూడెంలో సంఘం కూర్చుని ఈ మాటలు తీర్మానం చేయాలని నా ప్రతిపాదన.

ఒకటి, అడగకుండా ఎవరూ ఫొటో తీయొద్దు. దుఃఖంలో ఉన్న మనిషి తరఫున సంఘం అడగాలి, సంఘం జవాబు చెప్పాలి.

రెండు, ఏ సినిమా అయినా పట్నంలో చూపేముందు వాడలో గోడ మీద గుడ్డ కట్టి చూపాలి. మొహం తీసేయమని ఎవరైనా అంటే తీసేయాలి.

మూడు, ఒక ప్రతి సంఘం దగ్గర ఉండాలి. డబ్బు వస్తే లెక్క చెప్పాలి.

నాలుగు, దాడి జరిగితే వీడియో తీసిన ఫోనును జాగ్రత్త చేయాలి. కోర్టులో దాన్ని సాక్ష్యంగా పెట్టాలంటే 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అట్రాసిటీ చట్టానికి 2015లో తెచ్చిన సవరణలో 15ఎ సెక్షన్ 10వ అంశం ఉంది. దాని ప్రకారం ఆ కేసుల విచారణను వీడియో తీయాలి. తీస్తున్నారా అని ప్రతి వాయిదాకు అడగండి.

ఐదు, ముసలోళ్లను ఇప్పుడే కూర్చోబెట్టి వాళ్ల నోటి మాట రికార్డు చేయండి, కాగితం మీద కూడా రాయండి. అటవీ హక్కుల నిబంధనల్లో పెద్దల వాంగ్మూలం సాక్ష్యమే. బావి, ఇల్లు, కట్ట, స్మశానం కూడా సాక్ష్యమే. వాటిని ఫొటో తీసి గ్రామసభ ముందు పెట్టండి.

మిత్రులైన కెమెరావాళ్లకు కోపం రావచ్చు. ఇన్ని షరతులైతే మేమెట్లా పనిచేస్తామంటారు. అన్నా, కూలి ఇంత అని మనం చెప్పిన మొదటిరోజు దొర కూడా ఈ మాటే అన్నాడు. షరతుకు ఒప్పుకున్నోళ్లకు మా ఇంట్లో అన్నం ఉంది, మంచం ఉంది. ఒప్పుకోనోళ్లకు బస్సు సాయంత్రం ఐదింటికి ఉంది.