గ్లాసు వేరు చేశాం

క్షయ సంగతి తెలియదని బుకాయించే హక్కు గుడుపల్లె, కుప్పం, మదనపల్లె వాళ్లకెవరికీ లేదు. ఆరోగ్యవరం శానిటోరియం 1915 నుంచి మన సీమలోనే ఉంది. 1948లో దేశంలో బీసీజీ టీకాలు మొదలైనప్పుడు మదనపల్లె ముందు వరసలో నిలిచింది. ఇంత వైద్యం గడప దగ్గరుండగా పనిచోట మనం చేసిందల్లా దగ్గేవాడికి టీ గ్లాసు వేరు చెయ్యడం.

క్షయ గ్లాసుతో అంటదు, గాలితో అంటుతుంది. రోగి దగ్గినప్పుడు వెలువడే క్రిములు మూసిన గదిలో గంటల తరబడి తేలుతుంటాయి. క్వారీ పక్కన రేకుల షెడ్డులో కూలీలను వరసగా పడుకోబెట్టాం. ఉన్న ఒక్క కిటికీకీ దోమలొస్తాయని గోనెపట్టా కట్టేశాం. దగ్గేవాడి గ్లాసు మాత్రం దూరంగా బోర్లించాం!

ఇక దుమ్ము. గ్రానైటు బండకు పొడిగా డ్రిల్లు వేస్తే తెల్లటి పొడి కనురెప్పల మీద పేరుకుంటుంది. ముక్కుకు చుట్టిన తుండుగుడ్డ ఆ ముతక పొడిని ఆపుతుందేమో గానీ, కంటికానని సిలికాను ఆపదు. అది ఊపిరితిత్తుల్లో చేరి, క్షయ క్రిములను మింగి చంపాల్సిన కణాలనే దెబ్బతీస్తుంది. డ్రిల్లుకు నీళ్లు పెడితే దుమ్ము చాలావరకు అణుగుతుంది. బిసానత్తం, చిగురుగుంట గనుల్లో ఒకప్పుడు బంగారం తవ్విన గుడుపల్లె మండలానికి ఈ ముక్క ఒకరు చెప్పాలా? ట్యాంకరు ఖర్చు చూసుకుని ఊరుకున్నాం.

"దగ్గు తగ్గినాక రాప్పా" అన్నాం, మెత్తగానే. కూలి పోతుందని అతను దగ్గు దాచాడు, మందుల షాపులో సిరప్పు కొనుక్కున్నాడు. సరైన మందులు పడితే కొద్ది వారాల్లోనే ఇతరులకు అంటించే ప్రమాదం బాగా తగ్గుతుంది. ఆ వారాల కూలి ఇచ్చి ఇంట్లో ఉండమంటే పోయేది. ఈఎస్ఐ ఉన్నవాడికి క్షయ వస్తే దీర్ఘకాలం జబ్బు భత్యం అందుతుంది. మేస్త్రీ తెచ్చిన మనిషికి మస్టరులో పేరే ఉండదు. సర్కారు నెలకు వెయ్యి రూపాయల లెక్కన ఇచ్చే సొమ్ము పౌష్టికాహారానికి, పోయిన కూలికి కాదు.

రాసేవాళ్లమూ తక్కువ తినలేదు. ఏటా మార్చి 24న క్షయ దినం ర్యాలీ ఫొటో వేశాం, షెడ్డు లోపలికి తొంగిచూడలేదు. 2025కల్లా క్షయను అంతం చేస్తామన్న గడువు దాటిపోతే దాన్నీ ఒక వార్తగా అచ్చేశాం.

అతను ఊరెళ్లిపోయాక అదే చాప మీదకు ఇంకొకణ్ణి తెచ్చాం. పక్కన పడుకున్నవాళ్లకు గళ్ల పరీక్ష సర్కారు ఆసుపత్రిలో ఉచితమే. పూటపని పోతుందని ఒక్కరినీ పంపలేదు.