మూత్రం సాఫీగా వస్తే చాలదు

సంపాదకులకు,

ప్రొస్టేట్ కేన్సర్‌పై గత ఆదివారం మీరు వేసిన వ్యాసంలో 'మూత్రానికి ఇబ్బంది లేనంతకాలం పరీక్షల జోలికి పోనక్కర్లేదు' అన్నారు. అది తప్పు, ప్రమాదం కూడా. ఈ కేన్సర్ ఎక్కువగా గ్రంథి వెలుపలి భాగంలో, మూత్రనాళానికి ఎడంగా మొదలవుతుంది. అందుకే తొలి దశలో ఏ బాధా తెలియదు. రాత్రిళ్లు పదేపదే లేవాల్సి రావడానికి చాలామందిలో కారణం వయసుతో గ్రంథి పెరగడమే, కేన్సర్ కాదు.

మా చిన్నాన్న నడుము నొప్పంటే శెనక్కాయ చేలో వంగి వంగి పట్టేసిందనుకున్నాం. అమృతాంజనం రుద్దాం, ఉప్పు కాపడం పెట్టాం. ప్రొస్టేట్‌లో తేడాను పసిగట్టే పీఎస్ఏ రక్తపరీక్ష చేయించేసరికి జబ్బు వెన్నెముకకు పాకింది. మూత్రం మాత్రం అప్పటికీ సాఫీగానే వస్తోంది.

ఆ పరీక్షకు లోపాలున్న మాట నిజం. ఇన్ఫెక్షన్ ఉన్నా అంకె పెరుగుతుంది. 70 దాటినవాళ్లకు వద్దని అమెరికా నిపుణుల బృందం 2018లో చెప్పింది. 55-69 ఏళ్లవారు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలని చెప్పిందీ ఆ బృందమే. యూరప్‌లో 23 ఏళ్లపాటు సాగిన అధ్యయనంలో, పరీక్షకు పిలిచినవారిలో ఈ కేన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. తండ్రికో అన్నదమ్ములకో వచ్చినవాళ్లు ఇంకా ముందే డాక్టర్ని అడగాలి.

మన రాష్ట్రంలో ఇంటింటికీ వచ్చే ఆరోగ్య సర్వేలో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కేన్సర్ల గురించే అడుగుతారు. ప్రొస్టేట్ ఊసే లేదు. మగవాడు తనంతట తానే అడగాలి. అడగబోయేవాణ్ని కూడా మీ వ్యాసం ఆపేస్తుంది. దయచేసి సవరణ వేయండి.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కల్లూరు, కర్నూలు