లారీ చాసీపై రైతు బండి

మదరాసు నుండి కలకత్తాకు పోవు రహదారి సూళ్లూరుపేట మీదుగా సాగుచున్నందునను, 1948లో అశోక్ మోటార్సుగా పుట్టిన అశోక్ లేలాండ్ వారి ఎన్నూరు కర్మాగారము పులికాటు సరస్సుకు దక్షిణముననే యున్నందునను, కాళంగి నదీతీరపు రైతుకు లారీ పరాయి వస్తువు కాదు. ఏండ్లకొలది బరువులు మోసి, ఇంజను అరిగి, తొట్టి తుప్పుపట్టి, పాత ఇనుము అంగడి తూకమునకు సిద్ధమైన లారీనుండి చాసీని, ఇరుసును, కమాను కట్టలను కొనితెచ్చి, వెల్డింగు షెడ్డులో ట్రాక్టరుకు తగిలించు ట్రక్కుగా చేయించుకొనుట మన పల్లెలకు క్రొత్త గాదు. దీనిని చట్టమెరుగని అతుకుల పనియని తృణీకరించువారితో నేనేకీభవింపజాలను. ఇది విద్య, పైగా సన్నకారు రైతు తాహతుకు తగిన విద్య.

అయితే విద్య యన్నపుడు దాని మర్మములను గూడ మన్నింపవలెను. లారీ చాసీయందలి రెండు పొడవాటి దూలములు ఒక ప్రక్క తెరపిగల ఉక్కు కమ్ములు. గతుకులబాటలో ఇవి కొంత మెలిదిరిగి మరల యథాస్థితికి రావలెను గనుక, అడ్డపట్టీలను సాధారణముగా రివెట్లతోనే బిగింతురు. భారమువలన కలుగు బిగువు హెచ్చుగా పై క్రింది అంచులయందే యుండును గాన, అచ్చట రంధ్రము వేసినను, వెల్డింగు వేడి తగిలినను చీలికకు దారి యేర్పడును. పని తెలిసిన మేస్త్రీ నిలువు భాగముననే తొలిచి బోల్టులు బిగించును. తెలియనివాడు అంచుమీదనే అతుకు పెట్టును. రంగు వేసిన పిమ్మట ఈ భేదము కొనువాని కంటికి కానరాదు.

అంతకంటె ఘోరమైనది బ్రేకు సంగతి. లారీ ఇరుసుకు బ్రేకు డ్రమ్ములున్నవి. కాని గాలి ఒత్తిడితో పనిచేయు ఆ బ్రేకులకు కావలసిన ఏర్పాటు మన ట్రాక్టర్లకు సాధారణముగా లేనందున, వానిని వట్టినే వదలుదురు, లేదా ఊడదీసి అమ్ముదురు. ట్రాక్టరుకు రెట్టింపు బరువుగల వడ్ల బస్తాలతో కాలువకట్ట దిగునపుడు ఆపు భారమంతయు ట్రాక్టరుపైననే పడి, వెనుకనుండి ట్రక్కు త్రోయగా అది అడ్డము తిరుగును. కోతలకు, నాట్లకు పోవు ఆడకూలీలు ఆ ట్రక్కులోనే కూర్చుందురు! ట్రక్కు ముందుకు త్రోయు ఆ బలముతోనే, లాగుడు కడ్డీ ద్వారా, దాని బ్రేకులను బిగించు యుక్తి ఐరోపా దేశములలో సామాన్యమైనది. గాలి అక్కరలేని ఆ అమరికను మన మేస్త్రీలు నేర్వలేకపోరు.

1988 నాటి మోటారు వాహనముల చట్టము ట్రైలరుకును రిజిస్ట్రేషను విధించినది. 2021లో పాత వాహనములను తుక్కుచేయు కేంద్రములకు నియమములు వచ్చినవి. ఆ తుక్కునుండి నిజాయితీగా బండి కట్టువానిని మాత్రము ప్రభుత్వము పట్టించుకొనవలసినంతగా పట్టించుకొనలేదు. రవాణా శాఖవారు ఐ.టి.ఐ. బోధకుని వెంటబెట్టుకొని, కోతలకు ముందు మండలకేంద్రమునకే వచ్చి, రంగు వేయకమునుపే చాసీని, ఇరుసును, బ్రేకును పరీక్షించి, స్వల్ప రుసుముతో సంఖ్య ముద్రించి యీయవలెను. బ్రేకు లేని ట్రక్కును, అది ఎవరిదైనను, షెడ్డు దాటనీయరాదు.