డ్రోన్లు ఓర్వకల్లులో, సీట్లు ఎక్కడో: రాయలసీమ దళిత విద్యార్థికి ఏరోస్పేస్ ఎంత దూరం?

కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే రోడ్డులో ఓర్వకల్లు వస్తుంది. ఒకప్పుడు రాళ్లు తప్ప ఏమీ లేవనిపించుకున్న మెట్ట నేల అది. 2021 మార్చిలో అక్కడ విమానాశ్రయం మొదలైంది. 2025 ఏప్రిల్ 13న అదే మండలంలోని డీఆర్‌డీఓ పరీక్షా కేంద్రంలో 30 కిలోవాట్ల లేజర్ ఆయుధంతో ఎగురుతున్న డ్రోన్లను కూల్చి చూపించారు. జులైలో డ్రోన్ మీద నుంచి క్షిపణిని వదిలి పరీక్షించారు. ఓర్వకల్లులో 300 ఎకరాల్లో డ్రోన్ హబ్ పెడతామని ముఖ్యమంత్రి 2024 అక్టోబరులోనే అమరావతి డ్రోన్ సదస్సులో ప్రకటించారు. కేంద్ర మంత్రివర్గం ఓర్వకల్లులో 2,621 ఎకరాలు, కడప పక్కన కొప్పర్తిలో 2,596 ఎకరాల పారిశ్రామిక నగరాలకు ఆమోదం తెలిపింది. 2025 అక్టోబరు 16న ప్రధాని కర్నూలు వచ్చి రెండింటికీ శంకుస్థాపన చేసి వెళ్లారు.

మంచిదే. మరి ఆ డ్రోన్ రెక్కను గీసే ఇంజనీరు ఎవరి ఇంటి నుంచి వస్తాడు?

ఈ రెండు జిల్లాల్లో ప్రభుత్వ ఇంజనీరింగ్ చదువుకు కొదవ లేదు. ఇడుపులపాయలో 2008 నుంచి ఆర్జీయూకేటీ నడుస్తోంది. జగన్నాథగట్టు మీద ట్రిపుల్ ఐటీ డీఎం ఉంది. పులివెందులలో జేఎన్‌టీయూ కాలేజీ, ప్రొద్దుటూరులో యోగి వేమన యూనివర్సిటీ కాలేజీ ఉన్నాయి. వీటిలో చెప్పేవి కంప్యూటర్స్, ఎలక్ట్రానిక్స్, మెకానికల్, సివిల్ వంటి బ్రాంచీలు. బీటెక్ ఏరోస్పేస్ కావాలంటే మద్రాసు, బొంబాయి, కాన్పూర్, ఖరగ్‌పూర్ ఐఐటీలకో, తిరువనంతపురంలో అంతరిక్ష శాఖ 2007లో పెట్టిన ఐఐఎస్‌టీకో పోవాలి. అన్నింటికీ దారి ఒక్కటే, జేఈఈ అడ్వాన్స్‌డ్. లేదంటే హైదరాబాదు చుట్టుపక్కల ప్రైవేటు ఏరోనాటికల్ కాలేజీలు. వాటిలో చేరేముందు విండ్ టన్నెల్ ఉందా, ఉంటే నడుస్తోందా అని అడిగే తల్లిదండ్రులు మన వాడల్లో ఎంతమంది? ఆ మాటే విని ఉండరు. తప్పు వాళ్లది కాదు.

ఆ అడ్వాన్స్‌డ్ దారి మనవాళ్లకు పూర్తిగా మూసుకుపోలేదు. కర్నూలు శివారు చిన్నటేకూరులో సాంఘిక సంక్షేమ గురుకులాల ఐఐటీ, మెడికల్ అకాడమీ ఉంది. అక్కడి నుంచి కూలీల బిడ్డలు ఐఐటీలకు వెళ్లారు. అయితే కౌన్సెలింగ్ రోజున ఒకే ర్యాంకుకు ఏరోస్పేస్, కంప్యూటర్స్ రెండూ కనిపిస్తే చాలామంది రెండోదే నొక్కుతారు. ఇంట్లో అప్పు ఉన్నప్పుడు, వెనుక చదువుకున్నవాళ్లు లేనప్పుడు, నాలుగేళ్లకు జీతం వచ్చే చదువే చదువు. ఏరోస్పేస్ అంటే 'విమానం నడుపుతావా నాయనా' అని అడిగే అవ్వకు ఏం చెప్పాలో పిల్లవాడికీ తెలియదు. ఇష్టాన్ని బట్టి బ్రాంచి ఎంచుకోవడం కూడా ఆస్తి ఉన్నవాళ్ల సౌకర్యమే.

డబ్బు సంగతి చూద్దాం. 2016లో ఐఐటీ ఫీజు ఏడాదికి రెండు లక్షలకు పెంచినప్పుడు ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేశారు. హాస్టలు, మెస్సు, సీటు ఖాయం చేసుకునే సొమ్ము మాత్రం కట్టాల్సిందే. 2024లో ముజఫర్‌నగర్ జిల్లా దళిత కూలీ కొడుకు రూ.17,500 గడువులోగా కట్టలేక ఐఐటీ ధన్‌బాద్ సీటు పోగొట్టుకున్నాడు. సుప్రీంకోర్టు దాకా పోతే సెప్టెంబరు 30న సీటు తిరిగి వచ్చింది. కోర్టు దాకా పోలేనివాళ్ల లెక్క ఎవరు రాశారు? చేరాక నిలబడటం మరో పోరాటం. 2023 డిసెంబరులో కేంద్రం లోక్‌సభకు చెప్పిన ప్రకారం, అంతకు ముందు ఐదేళ్లలో ఐఐటీలను మధ్యలో వదిలిన ఎస్సీ విద్యార్థులు 1,068 మంది.

ఇంకో దారి ఉంది, దాని గురించి మన పిల్లలకు ఎవరూ సరిగా చెప్పరు. ఇస్రోలో చేరడానికి ఏరోస్పేస్ డిగ్రీయే ఉండాలని లేదు. ఇస్రో ఇంజనీరు నియామకాలు ఎక్కువగా ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్ వాళ్లకే. బీటెక్‌లో 65 శాతం, అంటే 6.84 సీజీపీఏ ఉండాలి. ఆ తొలి మెట్టు పేరు 'సైంటిస్ట్/ఇంజనీర్ ఎస్‌సీ'. అది గ్రేడు పేరు, కులం పేరు కాదు. నోటిఫికేషన్ చూసి అన్నీ మనకే అనుకుని మురిసినవాళ్లున్నారు, నవ్వుకుందాం. ఇడుపులపాయలో పదో తరగతి మార్కులతోనే సీటిస్తారు, ప్రభుత్వ బడి పిల్లలకు 4 శాతం అదనపు స్కోరు కలుపుతారు. అక్కడ మెకానికల్ చదివే ఊరి పిల్ల శ్రీహరికోట చేరడం కుదిరే పనే. తెలుగు మీడియం నుంచి వచ్చి మొదటి రెండు సెమిస్టర్లలో దెబ్బతింటే మాత్రం 6.84 కొండెక్కి కూర్చుంటుంది.

లోపలికి వెళ్లాక? తొలి మెట్టులో రిజర్వేషన్ ఉంది. పైకి పోతే 1975 నాటి ఉత్తర్వు అడ్డొస్తుంది. గ్రూప్-ఎ లో అట్టడుగు గ్రేడుకు పైనున్న, పరిశోధన చేసే లేదా నడిపించే శాస్త్ర సాంకేతిక పోస్టులకు రిజర్వేషన్ నుంచి మినహాయింపు ఇవ్వొచ్చన్నది దాని సారం. కేంద్ర విద్యాసంస్థల ప్రవేశాల్లో రిజర్వేషన్ తెచ్చిన 2006 చట్టం కూడా నాలుగో సెక్షన్‌లో కొన్ని సంస్థలను పక్కన పెట్టింది. ఆ జాబితాలో అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ, తిరువనంతపురం స్పేస్ ఫిజిక్స్ లేబొరేటరీ, డెహ్రాడూన్ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఉన్నాయి. 'ప్రతిభ' అన్న మాట అంతరిక్షం దగ్గరకొచ్చేసరికి ఎంత గట్టి గోడవుతుందో చూడండి.

ఓర్వకల్లుకు వచ్చే ప్రైవేటు కంపెనీల్లో రిజర్వేషనే లేదు. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకని రాష్ట్రం 2019లో చట్టం చేసింది. ఆ 75 శాతంలో వాచ్‌మన్ ఎవరు, డిజైన్ ఇంజనీరు ఎవరు అని ఆ చట్టం అడగదు. శ్రీహరికోట మనకు తెలుసు. 1969లో ఆ దీవిని రాకెట్ల కోసం ఎంచుకున్నారు, అక్కడ బతికిన యానాదులు కదలాల్సి వచ్చింది. దేశం చంద్రుడి దాకా పోయింది. ఆ యానాదుల ఇళ్ల నుంచి ఎంతమంది ఇంజనీర్లు వచ్చారో చెప్పమంటే లెక్క చూపించేవారు లేరు.

అందుకే భూమి, నీళ్లు, రాయితీలు ఇస్తున్న ఇప్పుడే షరతులు రాయించాలి. ఇడుపులపాయలో, జగన్నాథగట్టులో మెకానికల్, ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు ఏరోస్పేస్ మైనర్ కోర్సు పెట్టడానికి కొత్త యూనివర్సిటీ అక్కర్లేదు. డ్రోన్ కంపెనీల అప్రెంటిస్ సీట్లలో 1961 చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీ వాటా నిండుతోందో లేదో ఏటా కలెక్టరు ప్రకటించాలి. చిన్నటేకూరులో కౌన్సెలింగుకు ముందు ఒక్క వారం బ్రాంచీల గురించి చెప్పేవాళ్లను, సీటు సొమ్ము గడువులోగా కట్టే ఒక చిన్న నిధిని సాంఘిక సంక్షేమ శాఖ ఏర్పాటు చేయాలి. ఒక్కో విద్యార్థికి కావాల్సింది రూ.17,500. పరీక్షా కేంద్రంలో కూల్చే ఒక డ్రోన్ ఖర్చులో అది ఎన్నో వంతు?