కోతకే చెల్లే కార్డు

2009లో మా కాలేజీలో ఊడ్చే పని చేసే ఆమెకి ముప్ఫై రెండేళ్లు. ఏడాదిగా తెల్లబట్ట, నడుంనొప్పి. ముందు ధర్మాసుపత్రికే వెళ్లింది. ఓపీ చీటీకి గంటన్నర, డాక్టరమ్మ కోసం ఇంకో రెండు గంటలు. ఆ రోజు కూలి పోయింది. రాసిన మందుల్లో సగం బయట కొనుక్కోమన్నారు. రెండోసారి వెళ్లలేదు. ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు పేటలో ఉచిత శిబిరం పెడితే అక్కడికి వెళ్లింది. మొదటి ప్రశ్న "తెల్లకార్డుందా?" రెండోది "పిల్లలెంతమంది?" ఇద్దరనగానే, ఇంక ఆ సంచితో నీకేం పని అన్నారట! నాకు తెలిసేసరికి ఆపరేషన్ అయిపోయింది. "పైసా తీసుకోలేదు మేడమ్, అంతా గవర్నమెంటే కట్టింది" అంది, నన్నే ఊరడిస్తున్నట్టు.

ఆరోగ్యశ్రీని 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలుపెట్టి, మరుసటేడు రాష్ట్రమంతా విస్తరించారు. గుండెకి చిల్లున్న పిల్లల్ని భుజానేసుకుని తిరిగిన తల్లులకి అదెంత ఊరటో నాకు తెలుసు. ఆ మేలుని కాదనను. కానీ ఆ పథకం డబ్బు చెల్లించే పద్ధతి చూడండి. ఇన్ని రోగాలకి ఇంత అని ప్యాకేజీలు. కోస్తే డబ్బు, పడుకోబెడితే డబ్బు. తెల్లబట్టకి మందిచ్చి, భర్తని కూడా పిలిచి పరీక్షించి, నాలుగు మాటలు చెప్పి పంపే డాక్టరుకి ఏ ప్యాకేజీ వస్తుంది? ఆడవాళ్ల జబ్బుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. అవన్నీ ధర్మాసుపత్రి వాటాకి మిగిలాయి. డబ్బు తెచ్చే ఆపరేషన్లు ఎక్కువగా ప్రైవేటుకి వెళ్లాయి. సర్కారు తన సొమ్ముతో తన ఆసుపత్రికే పోటీని పోషించింది.

గర్భసంచుల సంగతి గగ్గోలయ్యాక ఏం చేశారు? ఆ ఆపరేషన్‌తో సహా 133 రకాల చికిత్సల్ని 2011లో ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేశారు. ఎందుకని? జీతం మీద పనిచేసే డాక్టరుకి కోతలో ప్రైవేటుకున్నంత లాభం లేదు గనక. మన ఒంటిని నమ్మి అప్పజెప్పగల చోటు ఏదో ఏలినవాళ్లకీ తెలుసన్నమాట! తెలిసీ అక్కడి మందుల అలమర ఖాళీగా ఉంచడమే నాకు మింగుడుపడదు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశంలో 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. నేరమంతా కార్డుదే అనను. కార్డు రాకముందూ అప్పు చేసి తీయించుకున్నవాళ్లున్నారు. నెలనెలా ముట్టు బాధ, మరుగుదొడ్డి లేని పొలం పని, క్యాన్సరొస్తుందన్న బెదిరింపు ఇవన్నీ కలిసి తోశాయి. కార్డు చేసిందల్లా అడ్డుగా ఉన్న డబ్బు భయాన్ని తీసేయడం.

మన సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ పత్రిక చదివే మనలో ఎందరం కాన్పుకో జ్వరానికో సర్కారు ఆసుపత్రి మెట్లెక్కాం? మనం ఎప్పుడో ఖాళీ చేశాం ఆ చోటుని. అడిగే గొంతులు లేనిచోట మంచానికి దుప్పటి కూడా రాదు. స్త్రీల శరీరాల మీద సెమినార్లు పెట్టిన నేనే, మా కాలేజీ గేటు దగ్గరి శరీరాన్ని ఏడాదిపాటు అడగలేదు.

ఇప్పుడామెకి యాభై దగ్గరపడింది. మోకాళ్లు అరిగాయి, బీపీ వచ్చింది. నెలకోసారి అదే ధర్మాసుపత్రి క్యూలో నిలబడుతుంది. 2023 డిసెంబరులో తెలంగాణలో పరిమితి 10 లక్షలకీ, మా ఆంధ్రలో 25 లక్షలకీ పెంచినప్పుడు ఆ వార్త నేనే చదివి వినిపించాను.

"పాతిక లక్షలే! అందులో నా బీపీ బిళ్లలొస్తాయా మేడమ్?"

రావన్నాను. చీపురందుకుని వరండా వైపు వెళ్లింది.